మానసిక చికిత్సాలయములు: లైసెన్సు, తనిఖీ

(న్యాయవాదులును, సేవాదళ కార్యకర్తలును కూడిన సభలో గావించిన యుపన్యాసము)



మమ్ము నేడు మాటలాడుమని కోరిన విషయము సభలకు అలవాటైనది కాదు. భూమి పన్నును గూర్చి యనిన, కాలువ నీటిని గూర్చి యనిన శ్రోతలు చెవి యొగ్గుదురు. మతి చలించినవారిని చేర్చుకొను గృహములను గూర్చియు, త్రాగుడు మాన్పింతుమని మనుష్యులను లోపల నుంచుకొను కేంద్రములను గూర్చియు, వానిపై ప్రభుత్వమునకు గల యధికారమును గూర్చియు మాటలాడ లేచినచో, మన యింట నట్టివారు లేరు గదా యని సగముమంది మొగము త్రిప్పుకొందురు. తక్కిన సగముమంది, తమ యింట నున్నారని నలుగురికి తెలియునేమో యని తల వంచుకొందురు. తెలుగునాట ఎర్రగడ్డ యనినను, చినవాల్తేరు యనినను వైద్యశాలల పేళ్లుగ వినబడుట లేదు, తిట్లుగ వినబడుచున్నవి. పరిహాసమునకు వాడు స్థలములోనికి తొంగిచూడవలెనని ఎవరికిని బుద్ధి పుట్టదు. ఈ విషయమందలి చిక్కు చాలవరకు ఇక్కడనే పుట్టినదని మా యభిప్రాయము.

ముందుగ నొక భేదమును గుర్తింపవలెను. జ్వరము వచ్చి ఆసుపత్రిలో చేరినవాడు, వైద్యము నచ్చనిచో కాగితముపై సంతకము చేసి వెళ్లిపోవచ్చును. నేరము చేసి చెరసాలకు పోయినవాడు వెళ్లిపోజాలడు. కాని వానిని పంపినది న్యాయాధిపతి, వానికొక గడువు కలదు, పై కోర్టు కలదు. మానసిక చికిత్సాలయములో తన యిష్టము లేకయే చేర్పబడినవాడు ఈ యిరువురకును నడుమ నున్నాడు. వెళ్లిపోవుటకు వీలులేదు, విచారణయు జరుగలేదు. అతడు నన్ను విడువుడని మొరపెట్టినచో ఆ మొరనే వ్యాధిలక్షణముగ వ్రాసికొనుటకు వీలున్నది. ఇట్టి స్థలమునకిచ్చు లైసెన్సు హోటలునకిచ్చు లైసెన్సువంటిది కాదు. హోటలువాడు చెడ్డ భోజనము పెట్టినచో మరునాడు మరియొక హోటలునకు పోదుము. ఇక్కడ లోపలివాడు పోలేడు, బయటివాడు రాడు. అందుచేత బయటినుండి ఎవరో యొకరు, పిలువకయే, ముందు చెప్పకయే, లోనికిపోయి చూచు నేర్పాటు లేనిచో లైసెన్సు గోడకు తగిలించిన పటమే యగును. ఈ యొక్క సంగతిని చెప్పుటకే మేము వచ్చితిమి.

ఈ దేశమున నీ విషయమై చట్టము మొదట చేసినవారు పరదేశ ప్రభువులు. 1858లో, అనగా తిరుగుబాటు చల్లారుచున్న దినములలో, ఉన్మాదశాలల చట్టము వచ్చెను. పిమ్మట 1912లో ఉన్మాదుల చట్టము వచ్చెను. ఈ రెండవ చట్టమున జెయిళ్ల ఇన్‌స్పెక్టరు జనరలు తన యధికారపరిధిలోని ఉన్మాదశాలలన్నిటికిని పదవిరీత్యా సందర్శకుడు. రోగిని వారు ఏ వరుసలో నిలిపిరో దీనినిబట్టియే తెలియును. ఐనను న్యాయము చెప్పవలెను గదా: ఆ చట్టముననే ప్రతి ఉన్మాదశాలకును ముగ్గురికి తక్కువ గాకుండ సందర్శకులను నియమింపవలెననియు, వారిలో వైద్యాధికారితో గూడ కనీసమిద్దరు నెలకొక పర్యాయమైనను కలిసి వచ్చి ప్రతి భాగమును పరీక్షింపవలెననియు నుండెను. నెలకొక పర్యాయము! ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడని కోరుచున్నాము. మరల దీనితో పని పడును.

1947లో స్వరాజ్యము వచ్చినది. 1912 నాటి చట్టము పోలేదు. మన పార్లమెంటు 1987లో మానసిక ఆరోగ్య చట్టమును చేసెను. అది అమలులోనికి వచ్చినది 1993 ఏప్రిలు 1వ తేదీన. అనగా స్వరాజ్యము వచ్చిన పిమ్మట 45 సంవత్సరములకు పైగా మన దేశపు రోగిని తెల్లదొరల చట్టమే యేలినది. ఉప్పుపై పన్నును ఒక్కదినము సహింపమన్నవారము దీనిని సహించితిమి, ఏలయనగా దీనిక్రింద నున్నవారు ఊరేగింపులలో నడువలేదు.

ఆ నడిమి కాలములో నేమి జరుగుచుండెనో సుప్రీంకోర్టు తీర్పులలో చూడవచ్చును. 1982లో వీణా సేథి వ్యాజ్యమున హజారీబాగు జెయిలు సంగతి బయటపడెను. మతిచాంచల్యము పేర లోపల నుంచబడి, నెమ్మది పడిన పిమ్మటను విడువబడక, కొందరు రెండు మూడు దశాబ్దములు ఆ గోడలలోపలనే యుండిరి. వారికి శిక్ష విధించినవారు లేరు. విడుచుటకు జ్ఞాపకముంచుకొన్నవారును లేరు. 1993లో షీలా బార్సే వ్యాజ్యమున, నేరమేదియు చేయని మానసిక రోగులను జెయిళ్లలో నుంచుట రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తీర్మానించెను. ఈ సంగతులు కోర్టుకెట్లు చేరెను? మొదటిది ఒక ఉచిత న్యాయసహాయ సంఘము వ్రాసిన యుత్తరమువలన. రెండవది ఒక పత్రికారచయిత్రి పట్టుదలవలన. జెయిలు పుస్తకములు చూచు నధికారులు ఆ కాలమంతయు నుండిరి.

ఇక ఏర్వాడి మాట చెప్పవలసియున్నది. చెప్పకయే దాటిపోవుటకు మాకు మనసొప్పలేదు.

తమిళనాడున రామనాథపురము జిల్లాలో, సముద్రతీరమునకు దగ్గరగా, ఏర్వాడి దర్గా యున్నది. మతి చెదరినవారిని అక్కడికి గొనిపోయినచో నయమగునని అన్ని మతములవారికిని నమ్మకము. స్వప్నములో ఆజ్ఞ వచ్చువరకు అక్కడనే వేచియుండవలెనందురు. బీదకుటుంబములు ఎన్నాళ్లు వేచియుండగలవు? పొలము పనులు, పిల్లలు, అప్పులు పిలుచును. ఈ యవసరమును కనిపెట్టి దర్గా చుట్టును ప్రైవేటు గృహములు పుట్టెను. నెలకింత యని సొమ్ము కట్టి బంధువులు రోగిని అప్పగించి పోవుదురు. తాటియాకుల పాకలు; పారిపోకుండ కాళ్లకు గొలుసులు. 1987 చట్టము క్రింద వీనికి లైసెన్సు లేదు. ఇది రహస్యముగ జరిగినది కాదు. యాత్రికులు చూచుచుండిరి, దారిని పోవువారు చూచుచుండిరి, ప్రభుత్వోద్యోగులును ఆ దారినే పోవుచుండిరి.

2001 ఆగస్టు 6వ తేదీన తెల్లవారక మునుపే యొక పాకకు నిప్పంటుకొనెను. గొలుసులు లేనివారు వెలికి పరుగెత్తిరి. గొలుసులున్నవారు పరుగెత్తలేరు గదా. మృతులు 28 మంది. సుప్రీంకోర్టువారు పత్రికలలో వచ్చిన వార్తను బట్టి తమంతట తామే విచారణకు చేపట్టిన వ్యాజ్యమునకు పేరే 'గొలుసులతో కట్టబడిన 25 మంది మరణము' అని. ఆ పేరు పెట్టునాటికి లెక్క ఇంకను పూర్తి కాలేదు. తమిళనాడు ప్రభుత్వము అక్కడి గృహములను మూయించి ఐదువందలకు పైగా రోగులను తన సంరక్షణలోనికి తీసికొనెను. 2002 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ప్రతి రాష్ట్రమును జిల్లాల వారీగ లెక్కతీసి, నమోదైనవియు కానివియు నగు చికిత్సాగృహములన్నిటిని పరీక్షించి, కనీస ప్రమాణములున్నవానికే లైసెన్సు లిమ్మని యాజ్ఞాపించెను. గొలుసులతో కట్టుట చట్టవిరుద్ధమని ప్రజలకు చాటుమనియు చెప్పెను.

దర్గాను దూషించుట మా యుద్దేశము కాదు. ఆ తరువాత అక్కడనే ప్రార్థనతో పాటు ఔషధమును ఇచ్చు 'దవా-దువా' పద్ధతి ప్రవేశపెట్టబడినది; నమ్మకమునకు వైద్యము శత్రువు కాదని దానివలన తేలినది. దోషము గొలుసుది, గొలుసును చూచి పోయిన కన్నులది.

ఇప్పుడమలులో నున్నది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము. 2018 నుండి నడచుచున్నది. దీనిని గూర్చి న్యాయవాదులైన మనము సగర్వముగ చెప్పుకొనదగిన సంగతులు కొన్ని కలవు. వెనుకటి చట్టమున లైసెన్సు బాధ్యత ప్రైవేటువారికే. ప్రభుత్వ వైద్యశాలలు దానికి వెలుపల నుండెను. ఇప్పుడు ప్రభుత్వముదైనను, ధర్మసంస్థదైనను, ఆయుర్వేదమైనను, యునానీయైనను, మానసిక రోగిని చేర్చుకొని యుంచు ప్రతి సంస్థయు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ యొద్ద నమోదు కావలెను. గొలుసులతో కట్టుట ఏ రూపముననైనను నిషేధము. మత్తుమందీయకయే విద్యుచ్చికిత్స చేయుటయు నిషేధము. రోగి తానుగ నిర్ణయించుకొనలేని స్థితిలో నున్నపుడు, అతని ప్రతినిధి కోరికపైన, ఇద్దరు వేర్వేరుగ పరీక్షించి, అందొకరు మానసిక వైద్యులై యుండి, అవసరమని చెప్పినచో ముప్పది దినముల వరకు చేర్చుకొనవచ్చును. ఆ సంగతిని ఏడు దినములలోపల సమీక్షామండలికి తెలుపవలెను. స్త్రీయైనను, బాలుడైనను మూడు దినములలోపలనే.

ఈ సమీక్షామండలియే చట్టమునకు ప్రాణము. జిల్లాకొకటిగ గాని, కొన్ని జిల్లాలకు కలిపి గాని దీనిని నెలకొల్పవలెను. జిల్లా జడ్జి స్థాయివారు అధ్యక్షులు; కలెక్టరు ప్రతినిధి యొకరు; వైద్యులిద్దరు; వ్యాధి ననుభవించినవారు, వారిని పోషించువారు, సేవాసంస్థలవారు అను వర్గములనుండి యిద్దరు. వెనుకటి చట్టములలో రోగి యనగా చూడబడువాడే. ఇందు తీర్పుచెప్పు పీఠముపై కూర్చుండగలవాడు. దరఖాస్తునకు రుసుము లేదు. అసాధారణ పరిస్థితులలో నోటిమాటగనో, టెలిఫోనులోనో చెప్పినను మండలి స్వీకరింపవచ్చును. ప్రతి చికిత్సాలయమును మండలి చిరునామాను, టెలిఫోను సంఖ్యను అందరికి కనబడునట్లు వ్రాసియుంచి, లోపలివాడు మండలితో మాటలాడుటకు ఉచితముగ టెలిఫోను ఈయవలెను.

వినుటకెంతయో బాగున్నది. కాని ఇప్పుడా నెలకొక పర్యాయమను మాటను జ్ఞాపకము చేసికొనుడు. 1912లో ముగ్గురు సందర్శకులు. 1987 చట్టమున ఐదుగురికి తక్కువ గాకుండ సందర్శకులు, అందిద్దరు సంఘసేవకులు. ముగ్గురైనను కలిసి నెలకొక పర్యాయము రావలెను. 2017 చట్టమున నమోదైన సంస్థ లెక్కలను, ప్రమాణములను మూడు సంవత్సరముల కొకమారు పరీక్షింపవలెను. నడుమ తనిఖీ, ప్రాధికార సంస్థ తానుగ పూనుకొన్నపుడో, ఎవరైన ఫిర్యాదు చేసినపుడో. హక్కులు పెరిగినవి, వాకిలి దాటి నెలనెల పోవు పాదములు తగ్గినవి. ఆ సందర్శకులు అన్నిచోట్ల చక్కగ పనిచేసిరని మేము చెప్పుట లేదు. చేసియుండినచో హజారీబాగు వంటి కథలకు చోటే యుండదు. ఐనను పనిచేయని సందర్శకుని చేత పనిచేయించుటకు యత్నింపవలెను గాని సందర్శనమునే అరుదు చేయరాదు.

నమోదు పద్ధతిలోను ఒక మెలిక యున్నది. మొదట నిచ్చునది తాత్కాలిక నమోదు. దరఖాస్తు వచ్చిన పది దినములలో, విచారణ లేకయే, పన్నెండు నెలల కీయవలెను. అనగా మొదటి సంవత్సరము కాగితమునకు కాగితమే సాక్షి. శిక్షయు చూడుడు: నమోదు లేకుండ నడపినవానికి మొదటి తప్పుకు ఐదువేల నుండి ఏబదివేల రూపాయల వరకు జరిమానా. ముప్పదిమందిని లోపల నుంచుకొని నెలనెల సొమ్ము వసూలుచేయు యజమానికి ఏబదివేలు వ్యాపారపు ఖర్చులలో నొక పద్దు. మరల మరల తప్పు చేసినపుడు ఐదులక్షల వరకు పెరుగును. కాని మొదటిమారే పట్టుబడనివాడు మూడవమారు ఎట్లు పట్టుబడును?

ఈ సందర్భమున మా యనుభవములోని యొక సంగతి. కొంతకాలము క్రిందట ఒక తల్లి మా కచేరీకి వచ్చెను. ఆమె కుమారుడు త్రాగుడు మరగినవాడు. పెద్దకోడలు తరపువారు మాటలాడి పెట్టగా, రాత్రివేళ నలుగురు మనుష్యులు వ్యానులో వచ్చి అతని నెత్తుకొనిపోయిరి. మూడు నెలలవరకు ఎవరును చూడరాదు, ఫోను చేయరాదు అని డీఎడిక్షన్ సెంటరువారి నియమమట. "బాబూ, వాడు తాగినమాట నిజమే. తాగినవాడికి అమ్మతో మాట్లాడే దారి కూడా లేకుండా పోతుందా?" అని యామె యడిగెను. మేమామెను వెంటబెట్టుకొని పోతిమి. ఊరి వెలుపల అద్దె మేడ, కిటికీలకు రేకులు. నమోదుపత్రము చూపుమనగా యజమాని గోడపై అద్దము బిగించిన యొక కాగితమును చూపెను. అది సంఘముల రిజిస్ట్రేషను చట్టము క్రింద ఇచ్చినది! నాటక సమాజమునకును, గ్రంథాలయమునకును ఇచ్చునట్టి పత్రము. వైద్యుడెవరనగా వారమున కొకమారు వచ్చునని చెప్పెను. ఏ వారమో చెప్పలేదు. సమీక్షామండలి టెలిఫోను సంఖ్య ఎక్కడ వ్రాసితిరనగా ఆ మాట అతడు వినియే యుండలేదు. కలెక్టరుగారికిని, ప్రాధికార సంస్థకును వ్రాసిన ఫిర్యాదు ప్రతిని చేతికీయగా నాడు సాయంకాలమే ఆ కుర్రవానిని విడిచిపెట్టిరి. తక్కినవారు లోపలనే యుండిరి. వారి తల్లులకు మా కచేరీ తెలియదు.

త్రాగుడు మాన్పించు కేంద్రములు ఈ చట్టమునకు చెందవని కొందరు వాదించుచున్నారు. ఇది పొరపాటు. మద్యముచేతను, మాదక ద్రవ్యములచేతను కలుగు మానసిక స్థితులు 'మానసిక వ్యాధి' యను నిర్వచనములోనే చేర్చబడియున్నవి. వాసము, చికిత్స ఇచ్చు ప్రతి కేంద్రమును నమోదు కావలసినదే. సలహాలిత్తుము, యోగము నేర్పుదుము, దండింపము అని బోర్డుపై వ్రాసికొన్నంతమాత్రమున తప్పించుకొనుటకు వీలులేదు; లోపల నుంచి చికిత్స పేర సొమ్ము తీసికొనుచున్నారా లేదా యనునదే ప్రశ్న.

ఇచట మీలో కొందరు మమ్ము అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. చట్టమును ఇంత బిగించినచో చిన్న గృహములు మూతపడును. అప్పుడు బీదవాడు తన యన్నను, తన భార్యను ఎక్కడికి గొనిపోవలెను? ఈ ప్రశ్న తేలికైనది కాదు. 2015-16లో నిమ్హాన్స్ వారు 12 రాష్ట్రములలో జరిపిన సర్వేలో పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మానసిక వ్యాధితో బాధపడుచున్నట్లు తేలెను. అందు చాలమందికి చికిత్స లేదు. 1996లో బళ్లారి యనుభవము నాధారముగ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము మొదలైనది. జిల్లా ఆసుపత్రిలో మందులు, తాలూకాలలో వైద్యము అను నాశయము మంచిది, కాని మానసిక వైద్యుడు లేని ఊళ్లే ఇంకను ఎక్కువ. ఇల్లాలు రాత్రింబవళ్లు కాపలా కాయలేక, ఎవరో ఒకరు తీసికొనిపోయిన చాలునని కన్నీళ్లతో సంతకము చేయుచున్నది. ఆమెను మనము తప్పు పట్టజాలము.

కాని ఈ వాదము యజమాని నోట వచ్చినపుడు మేమొప్పుకొనము. ఆకలిగొన్నవానికి కుళ్లిన యన్నము పెట్టవచ్చునని ఎవరు చెప్పిరి? మంచి చికిత్సాలయము తనిఖీకి వెరవదు. మేమెరిగిన వానిలో కొన్ని తలుపులు తెరచి యుంచి రమ్మని పిలుచుచున్నవి. పడకలు చాలనిచో పడకలు పెంచుమని ప్రభుత్వము నడుగవలెను, జిల్లా ఆసుపత్రిలో వార్డు తెరువుమని యడుగవలెను. చాలలేదను కారణముచేత గొలుసును ఒప్పుకొన్నచో రేపు పడకలు పెరిగిన పిమ్మటను గొలుసు పోదు.

ప్రభుత్వపు గడపలోపల సర్వము చక్కగ నున్నదనియు ఎవరును భ్రమపడవలదు. 2023 జనవరిలో జాతీయ మానవ హక్కుల సంఘమువారు దేశములోని 46 ప్రభుత్వ మానసిక చికిత్సాసంస్థల స్థితి అమానుషముగ, శోచనీయముగ నున్నదని చెప్పిరి. నయమైన పిమ్మటను రోగులను అక్కడనే యుంచుకొనుట అందు ముఖ్యమైన యాక్షేపణ. ఇందు అధికారుల తప్పెంతయో బంధువుల తప్పును అంతయే. చిరునామా తప్పుగ వ్రాయించి పోయినవారెందరో! తాళము తీసినను వెళ్లుటకు ఇల్లు లేనివాని విషయమున లైసెన్సు చట్టము మూగపోవును. అది వేరు సభకు తగిన విషయము.

ఇక మన పని. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము మానసిక వైద్యశాలలో నిర్బంధముగ నున్నవాడు ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయమునకు అర్హుడు. ఈ సభలో నున్న న్యాయవాదులలో ఎందరు అట్టి వ్యాజ్యమును ఒక్కదానినైనను చేపట్టితిరి? ఈ సంగతి మేము నిష్ఠూరముగ నడుగుట లేదు. దరఖాస్తు పెట్టువాడు లోపల నుండగా వకీలు బయట బల్లవద్ద కూర్చుండి కాచుకొన్న నేమి ప్రయోజనము? మనమే పోవలెను. తాత్కాలిక నమోదు శాశ్వతము కావలసినపుడు ఆ సంస్థవా రిచ్చిన యాధారములను ముప్పది దినములపాటు ప్రజల యాక్షేపణలకై బహిరంగపరచవలెనని చట్టములో నున్నది. పట్టణములో పురపాలకసంఘపు పన్నుల ప్రకటనలు చదువువారము దీనిని ఏల చదువరాదు? అట్లే ఏ మనుష్యుడైనను ప్రాధికార సంస్థకు ఫిర్యాదు వ్రాయవచ్చును. రోగికి బంధువు కానక్కరలేదు. నమోదు లేకుండ నడుపుచున్నారను ననుమానమున్నచో లోనికిపోయి సోదాచేయు నధికారము కూడ ఆ సంస్థకు కలదు.

సేవాదళ యువకులకు ఒక హెచ్చరిక. తలుపులు బ్రద్దలుకొట్టుట మన పని కాదు. అట్లు చేసినచో యజమాని దొంగతనము కేసు పెట్టును, లోపలివాడు లోపలనే యుండును. పగటివేళ పోయి, మర్యాదగ తలుపు తట్టి, మూడు సంగతులే యడుగుడు: నమోదుపత్రమేది, వైద్యుడెవరు, సమీక్షామండలి సంఖ్య ఎక్కడ వ్రాసితిరి. ఇచ్చిన జవాబును, తేదీని, వేళను అక్కడనే వ్రాసికొనుడు. లోపలివారి పేళ్లు మాత్రము కాగితముపై పెట్టవలదు. వారి వ్యాధిని ఊరిలో చాటు హక్కు మనకు లేదు.

అధ్యక్షులవారి యనుమతితో బల్లపై నొక పుస్తకమును పెట్టితిమి. నెలకొక ఆదివారము ఈయగలవారు పేళ్లు వ్రాయుడు. మన జిల్లా సమీక్షామండలి ఏ కట్టడములో కూర్చుండుచున్నదో, అధ్యక్షులెవరో, టెలిఫోను ఎత్తువారున్నారో లేరో వచ్చు ఆదివారములోపల కనుగొనవలెను. కనుగొన్న సంఖ్యను పెద్ద యక్షరములతో అచ్చువేయించి బస్సుస్టాండులోను, జిల్లా ఆసుపత్రి ఓపీ చీటీల కిటికీ ప్రక్కను అంటించుటకు కావలసిన కాగితము ఖర్చు మేము పెట్టుకొందుము.